సరంగును పిలిచిన పన్నెండు రోజులు

గుడివాడ,
18-6-61

ఒసేయ్ హైమా,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మా ఇంట్లో ఎలకలు మాకంటే బాగున్నాయి. గూడ్సు షెడ్డులో బియ్యం బస్తాలు కొట్టేసి, తిన్నది అరగడానికి మా రైల్వే క్వార్టర్సులోకి షికారు వస్తాయి. మొన్న మా ఆయన యూనిఫాం జేబు కొరికేశాయి. చూసుకోకుండా ఆ జేబులోనే విజిల్ వేసుకుని డ్యూటీ ఎక్కారు. భీమవరం చేరేసరికి విజిల్ లేదు. గూడ్సుబండి గార్డు విజిల్ పోగొట్టుకుంటే పై వాళ్లు ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు.

మీ పిల్లి పిల్లలు పెట్టిందని రాశావుగా. ఒక కూనని నాకివ్వవే. నిజానికి అడుగుతున్నది మా అత్తగారు. పోయిన వానాకాలంలో ఆవిణ్ణి కృత్తివెన్ను నుంచి ఇక్కడికి తెచ్చుకున్నామని రాశాను చూడు. ముప్పై ఏళ్లు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, ఒక్క కొడుకుని చదివించిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు. ఎదురొచ్చేది మనిషో స్తంభమో తెలీదు. పొద్దస్తమానం వసారాలో కూర్చుని చప్పుడు విని ఏది ప్యాసింజరో ఏది గూడ్సో చెబుతూ ఉంటుంది. అంతే పని.

"పిల్లిని తెచ్చుకుందామా అత్తయ్యా?" అని అడిగాను. ముఖం విప్పారింది. ఆ వెంటనే, "ఆడదాన్నే తేవాలి. మగది నాకొద్దు," అంది.

"ఏం?"

"మగదానికి తిండి పెట్టిందే ఇల్లు. ఆడది అలాక్కాదు, మనిషిని పట్టుకుంటుంది. నేను ఏ వేళకి ఊళ్లు తిరిగొచ్చినా మా నల్లది రేవుకాడికొచ్చి కూర్చునుండేది."

నాకు పిల్లుల సంగతి ఏం తెలుసు? నువ్వయితే బందర్లో మీ అటక మీద వాటి మధ్యే పెరిగావు. నిజంగా ఆడదానికీ మగదానికీ అంత తేడా ఉంటుందా? రాయి. తేడా ఉన్నా లేకపోయినా నాకు మాత్రం ఆడదాన్నే పంపు.

నీ గురించి ఒక్క ముక్క రాయవేం? పాప పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో నువ్వు రాసిన ఉత్తరాలన్నీ పిల్లి గురించే. అన్నయ్యగారు బడికి వెళ్లాక ఒక్కదానివే కూర్చుని ఏడవకు.

నీ సరోజిని

*

నాగాయలంక,
29-6-61

సరోజా,

విజిల్ సంగతి చదివి నవ్వాను. నేను నవ్వి చాలా రోజులైంది. పక్కగదిలోంచి మా ఆయన కంగారుగా వచ్చి చూశారు.

కూనలు రెండు మిగిలాయి. ఒకటి పసుపుపచ్చది, మగది. ఇంకోటి తెలుపూ నలుపూ పసుపూ కలిసిన మూడురంగులది. మూడు రంగులుంటే ఆడదేనని మా అమ్మ అనేది. ఇంతవరకూ తప్పలేదు.

తేడా అడిగావుగా. పాలగిన్నె పెడితే పసుపుది పరుగెత్తుకొచ్చి కాళ్లతో సహా గిన్నెలో దిగుతుంది. ఎవరు పిలిచినా వెళ్తుంది. ఎవరి ఒళ్లో చోటుంటే వాళ్ల ఒళ్లో వెల్లకిలా పడుకుంటుంది. నిన్న పోస్టుమాన్ సంచిలో దూరి నిద్రపోయింది. తోసేస్తే మరుక్షణం మర్చిపోయి మళ్లీ వస్తుంది. మగవాటికి ఆ అమాయకత్వం ఉంటుంది. కాకపోతే తొమ్మిది పది నెలలకి గండుపిల్లి అవుతుంది. కనబడిన గోడకల్లా గుర్తు పెడుతుంది. ఆ కంపు సున్నం వేసినా పోదు. ఇల్లు వదిలి తిరుగుతుంది, పోట్లాడి చెవులు చింపుకుని వస్తుంది. కొన్ని రావు కూడా.

ఆడది పాలగిన్నె దగ్గరికి రాదు. తలుపు చాటు నుంచి చూస్తుంది. గిన్నె పెట్టిన చెయ్యి ఎలాంటిదో తేల్చుకునేదాకా చూస్తుంది. ఒకసారి ఒక మనిషి అనుకుందా, ఇక ఆ మనిషే. ఎలకల్ని పట్టడంలో ఆడదే మేలు. కానీ ఏడాదికి రెండుసార్లు పిల్లలు పెడుతుంది. ఆ కూనల్ని పట్టుకుని నువ్వు ఇల్లిల్లూ తిరగాలి. ఎదకొచ్చినప్పుడు అరిచే అరుపులకి గుడివాడలో గండుపిల్లులన్నీ మీ వసారాలో సభ చేస్తాయి.

ఇది రాస్తుంటే మా ఆయన వెనక నుంచి చదివి, "ఒక్కో పిల్లిది ఒక్కో గుణం. ఆడా మగా అని మనం పేరు పెడతాం," అన్నారు. బడిపంతులు కదా, అన్నీ ఆయనకే తెలుసు.

మీ అత్తగారికి చెప్పు, ఆడదాన్నే పంపుతాను. ఇంకా తల్లిపాలు మానలేదు. ఆగస్టు దాకా ఆగండి.

నా గురించి ఏం రాయమంటావు? పాప ఉన్నది తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల గురించి ఎన్ని ఉత్తరాలు రాయగలను?

హైమ

*

నాగాయలంక,
20-8-61

సరోజినికి,

హడావుడిగా రాస్తున్నాను. మా ఊరి కాంపౌండరు విల్సన్ గారు గుడివాడలో చెల్లెలి ఇంటికి వస్తున్నారు. గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చేతికిచ్చిన బుట్టలో ఉన్నది పసుపుది, మగది.

ఆడది పోయింది. మొన్న మంగళవారం కాలవగట్టు మీద కుక్క పట్టుకుంది. నేను చూసేసరికే అయిపోయింది. మీ అత్తగారికి ఇచ్చిన మాట తప్పినందుకు నన్ను క్షమించమని చెప్పు.

మగదైనా ఇది చాలా మంచిది. పాలల్లో నీళ్లు కలిపి పెట్టండి. చేప ముల్లు తీసి పెట్టండి.

హైమావతి

*

గుడివాడ,
10-9-61

హైమా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్తగారు ఏం చేసిందో తెలుసా? చూడని పిల్లి కోసం ఏడ్చింది. ఆ పూట కూరలో చేప ముట్టలేదు. "కన్నపిల్లని పోగొట్టుకున్న పిల్లకి ఇది కూడానా? నా కోసం దాచిపెట్టింది, పాపం. నా మాటగా రాయవే, బెంగపెట్టుకోవద్దని రాయి," అంది. అందుకే రాస్తున్నాను. బెంగపెట్టుకోకు.

ఇక పసుపుదాని సంగతి. బుట్ట మూత తియ్యగానే బయటికి దూకి, మా అత్తగారి కాళ్ల మీదెక్కి, చీర కుచ్చిళ్లలో పడుకుని నిద్రపోయింది. అంతే, ఆవిడ పట్టుదల అంతా కరిగిపోయింది. పేరు కూడా ఆవిడే పెట్టింది, సరంగు అని. వాళ్ల నాన్న పడవ నడిపే సరంగట.

సరంగు ఎలకల్ని పట్టడు. వాటిని చూసి ఆశ్చర్యపోతాడు. మొన్న ఒక ఎలక వాడి గిన్నెలో తింటుంటే పక్కన కూర్చుని తన వంతు కోసం ఆగాడు. మా ఆయన తలకొట్టుకున్నారు. అత్తయ్య మాత్రం, "పెద్దమనిషి వాడు," అంటుంది. పగలంతా ఆవిడ మెడ మీద తువ్వాలులా పడుకుంటాడు. వాడికి ఏ కాలంలో ఏ చేప పడుతుందో, ఏ ఊరివాళ్లు బేరమాడకుండా కొంటారో చెబుతూ ఉంటుంది. నాతో కూడా అంత మాట్లాడలేదు హైమా. వచ్చి ఏడాదైంది, ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో ఇప్పుడే విన్నాను.

"మగది వద్దన్నావుగా అత్తయ్యా?" అన్నాను.

"అన్నాలే. ముసలిదాన్ని, నాకేం తెలుసు?" అంది.

నీ సరోజిని

*

నాగాయలంక,
2-10-61

సరోజినికి,

సరంగు అత్తగారికి నచ్చినందుకు సంతోషం. ఆవిడ నా కోసం బాధపడొద్దని చెప్పు. నా కోసం చేప మానెయ్యడం ఏమిటి? అలాంటివి చెయ్యొద్దని చెప్పు.

ఇక్కడ వానలు. ఇంతకంటే రాయడానికేం లేదు.

ఒక్కమాట. వాడు పెద్దయ్యాక మారతాడని రాశాను కదా. అప్పుడు కొట్టొద్దు. తలుపు వేసెయ్యొద్దు. తిరిగి ఏ వేళకొచ్చినా రానివ్వండి. రానిస్తే ఎంత తిరిగినా వస్తాడు.

హైమ

*

గుడివాడ,
8-4-62

హైమా,

నువ్వు ఉత్తరాలు తగ్గించేశావు. నేను రెండు రాస్తే నువ్వు ఒకటి, అదీ నాలుగు ముక్కలు. నా మీద కోపమేమైనా ఉంటే చెప్పు.

నువ్వు చెప్పినట్టే అయింది. సరంగు గండుపిల్లి అయ్యాడు. మెడ ఇంత లావు, ఎడమ చెవి సగం లేదు. బియ్యం డబ్బా, తలుపు, మా ఆయన బూట్లు, దేవుడి పీట, అన్నిటి మీదా వాడి సంతకమే. రోజుకి మూడుసార్లు ఇల్లు కడుగుతున్నాను. ఆ కంపుకి అన్నం సహించడం లేదు. రెండు రోజులు కనబడడు. మూడో రోజు గాయాలతో వస్తాడు. అత్తయ్య పసుపు రాస్తుంది. ఆ పసుపు, ఆ నెత్తురు అన్నీ దుప్పట్లకి అంటుతాయి. ఉతికేది నేను.

"మగపుటక పుట్టాడు, తిరగడా?" అంటుంది ఆవిడ. రోజూ సాయంత్రం పెరటి గుమ్మంలో నిలబడి సరంగూ, సరంగూ అని కేకేస్తుంది. చేపలమ్మిన గొంతు కదా, స్టేషను దాకా వినబడుతుంది. వాడు ఎక్కడున్నా వస్తాడు. వచ్చి ఆవిడ కాళ్లకి తల రుద్ది, మళ్లీ నా బియ్యం డబ్బా దగ్గరికి.

నీ మీద నేరం కాదు గానీ, ఆ ఆడది బతికుంటే ఈ బాధ ఉండేది కాదు అనిపిస్తుంది.

సరోజిని

*

బందరు, పెద్దాసుపత్రి నుంచి,
24-6-62

హైమా,

అత్తయ్య పడిపోయింది. కుడికాలు మోకాలి కింద ఎముక విరిగింది. బందరు తీసుకొచ్చి చేర్చాం. డాక్టరుగారు ఎముక సర్ది పిండికట్టు వేశారు. ఆరు వారాలు కదలకూడదన్నారు. ప్రాణానికేం భయం లేదు.

సరంగు కనబడక పన్నెండు రోజులైంది. మగపిల్లులు అలా వెళ్లిపోతాయని నువ్వు రాశావుగా, అలాగే వెళ్లుంటాడు. ఈ పన్నెండు రోజులూ ఆవిడ పిలుస్తూనే ఉంది. వాకిట్లో పిలిచింది, పక్క క్వార్టర్ల దగ్గరికి వెళ్లి పిలిచింది. చివరి రోజు మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడు, చేతికర్ర తీసుకుని పట్టాల వెంట పోయింది. కళ్లు కనబడవు కదా, కంకర మీద కాలు జారింది. పోర్టర్లు మోసుకొచ్చారు.

మంచం మీద పడుకుని కూడా కిటికీ వైపు చెవి పెడుతుంది. "ఇది బందరు అత్తయ్యా. వాడు ఇక్కడికెలా వస్తాడు?" అన్నాను. "గొంతు వినబడితే వస్తాడే," అంది.

మనం చదువుకున్న బడి ఇక్కడికి దగ్గరే. వెళ్లి చూడబుద్ధి కాలేదు.

సరోజిని

*

నాగాయలంక,
1-7-62

సరోజా,

ఇది నువ్వు ఒక్కదానివే చదువు.

ఆడది చావలేదు. ఏ కుక్కా పట్టుకోలేదు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని కాగితం మీద కదులుతున్న కలాన్ని చూస్తోంది.

ఆ రోజు విల్సన్ గారు వచ్చేసరికి బుట్టలో దాన్నే పెట్టాను. మూత వెయ్యబోతే అది అరవలేదు, పెనుగులాడలేదు. నా వైపు చూసింది. అంతే. నీకెలా చెప్పాలి? పాప పోయాక కూడా నాకు చాలా రోజులు పాలు వచ్చాయి. గుడ్డలు తడిసిపోయేవి. పాలు ఆగిపోయాక రొమ్ము మీద ఖాళీగా బరువుగా ఉండేది. ఈ కూన ఎవరి దగ్గరికీ పోనిది, ఒక రోజు వచ్చి సరిగ్గా అక్కడ పడుకుంది. పాప ఎంత బరువుందో అంతే ఉంది. అప్పట్నుంచి అక్కడే నిద్ర.

విల్సన్ గారు బయట నుంచి, "అమ్మా, బస్సు టైమైందండీ," అన్నారు. నేను దాన్ని గదిలో పెట్టి గడియ వేశాను. పసుపుదాన్ని బుట్టలో పడేసి ఆ ఉత్తరం రాశాను. మా ఆయన చదివి మడతపెట్టి విల్సన్ గారికి ఇచ్చారు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇవ్వలేనని రాస్తే నువ్వు కాదనేదానివా? కాదనవని నాకు తెలుసు. కానీ పిల్లిని పట్టుకుని ఏడుస్తోందని మీరు అనుకుంటారని సిగ్గేసింది. మీ అత్తగారు దాని కోసం చేప మానిందని నువ్వు రాసినప్పుడు అది నా ఒళ్లోనే ఉంది. అందుకే ఉత్తరాలు తగ్గించాను. కలం పట్టుకుంటే అబద్ధానికి ఇంకో అబద్ధం అతకాల్సి వచ్చేది.

ఆవిడ ఆడదాన్నే అడిగింది. ఆడదాన్ని పంపుంటే ఇల్లు వదిలేది కాదు. ఆవిడ పట్టాల మీదకి పోయేది కాదు. ఆ కాలు నేను విరగ్గొట్టాను సరోజా. దీన్ని తీసుకుని నేనే వస్తాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

హైమ

*

గుడివాడ,
12-7-62

హైమా,

అత్తయ్యని ఇంటికి తెచ్చాం. పిండికట్టుతో వసారాలో మంచం మీద ఉంది.

నీ ఉత్తరం చదివి మొదట నాకేమనిపించిందో చెబుతాను, అసహ్యించుకో. సంతోషం వేసింది. తప్పు మొయ్యడానికి ఇంకో మనిషి దొరికింది కదా అని. ఆ రోజంతా నీ మీద కోపం తెచ్చుకుని హాయిగా వంట చేశాను. మర్నాటికి ఆ కోపం నిలవలేదు.

సరంగు తిరగడానికి పోలేదు. నేను వదిలేసి వచ్చాను.

నాకప్పుడు మూడో నెల. నీకు రాయలేదు. నీ పాప గుర్తొచ్చి, రాయడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ కంపుకి పేగులు బయటికొచ్చేలా వాంతులు. అత్తయ్యకి చెబితే, తనే "వాణ్ణి ఎవరికైనా ఇచ్చెయ్యవే," అనేది. ఆ సంగతి నాకు తెలుసు. అలా అంటూ ఆవిడ పెట్టే ముఖం చూడలేక చెప్పలేదు.

డాక్టరు దగ్గరికని చెప్పి, మూత బుట్టలో వాణ్ణి పెట్టుకుని పొద్దున్నే పామర్రు బస్సెక్కాను. వాడు దారంతా నా ఒళ్లో గురగురమన్నాడు. సెంటర్లో దిగి, కాఫీ హోటలు వెనక బుట్ట దించి, చేప వేపుడు ముక్క పెట్టాను. వాడు తింటుంటే తిరుగు బస్సెక్కాను. బస్సు కదులుతుండగా కిటికీలోంచి చూశాను. తినడం అయిపోయింది. బుట్ట పక్కన కూర్చుని బస్సుల వైపు చూస్తున్నాడు. నేను బుట్ట కోసమైనా వస్తాననుకున్నాడేమో.

అసలు తప్పు అది కూడా కాదు హైమా. ఆ సాయంత్రం అత్తయ్య పెరటి గుమ్మంలో నిలబడి పిలుస్తుంటే, నేను పక్కన నిలబడి పిలిచాను. పన్నెండు రోజులు. "గట్టిగా పిలవ్వే, నీ గొంతుకి కూడా వస్తాడు," అంది ఒకరోజు. గట్టిగా పిలిచాను. రాడని తెలిసీ. ఆవిడకి కళ్లు కనబడవు కాబట్టి నా ముఖం చూడలేదు. కనబడి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది, ఆ కాలు విరిగేది కాదు.

నువ్వు ఆడదాన్ని పంపినా ఏమయ్యేదో ఎవరికి తెలుసు? దాని పిల్లల్ని ఏదో ఒక సెంటర్లో వదిలి వచ్చేదాన్నేమో. నువ్వు రావద్దు. నిన్ను చూస్తే నేను దాచలేను.

సరోజిని

*

నాగాయలంక,
20-7-62

సరోజా,

మూడో నెల అన్న చోట వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపొచ్చింది. లేదంటే మళ్లీ అబద్ధమవుతుంది. కాసేపటికి లేచి, పాప కోసం కుట్టిన చొక్కాలు పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను. ఎలకలు కొట్టలేదు. అవి నీకు పంపుతాను. వద్దనకు.

నువ్వు చేసింది చదివి నాకు కోపం రాలేదు. భయమేసింది. బుట్ట పక్కన కూర్చున్నాడని రాశావు చూడు, నిద్రపట్టడం లేదు. వాణ్ణి చేతులతో బుట్టలో వేసి పంపింది నేనే కదా.

దాచలేనని రాశావు. దాచకు. నా ఉత్తరం, ఒకటో తారీఖుది, ముందు ఆవిడకి చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా మార్చొద్దు. తరవాత నీది చెప్పు. నాది విన్నాక నీది చెప్పడం నీకు కొంచెం తేలికవుతుందేమో. ఆవిడకి మాత్రం తేలికవదు. అయినా చెప్పు.

మూడురంగులది మళ్లీ పిల్లలు పెట్టింది, నాలుగు. ఆవిడ కావాలంటే తల్లినే పంపుతాను. ఈసారి గదిలో పెట్టి గడియ వెయ్యను.

హైమ

*

గుడివాడ,
23-9-62

హైమా,

రెండు నెలలు రాయలేదు. రాయడానికి ఏమీ తేలలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వినిపించాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ముందు నీది చదివాను. మధ్యలో ఆపి, "పాప బరువు అన్నచోట మళ్లీ చదువు," అంది. చదివాను. "పిచ్చిపిల్ల. దాన్ని నాకు పంపొద్దని రాయి. ఆడది మనిషిని పట్టుకున్నాక లాక్కొస్తే తిండి మానేస్తుంది," అంది. అంతే, నీ మీద ఇంకేమీ అనలేదు.

తరవాత నాది చెప్పాను. నిలబడి చెప్పాను. మూడో నెల దగ్గర్నుంచి బస్సు కిటికీ దాకా అన్నీ. ఆవిడ చెయ్యి మంచం పట్టీ మీద ఉంది, కదల్లేదు. అప్పుడంది:

"వదిలేశావు సరే. కడుపుతో ఉన్నదానివి, కంపు పడలేదు, వదిలేశావు. నేనూ కడుపుతో ఉన్నప్పుడు చేపల గంప కాలవలో తోసేశాను ఒకసారి. దానికేం లేదు. పిలవనిచ్చావు చూడు. పన్నెండు రోజులు నాతో కలిసి పిలిచావు చూడు."

ఆ తరవాత నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది. మందిస్తే మింగింది. నూనె రాస్తే కాలు చాపింది. మాట మాత్రం లేదు. మా ఆయనకి నేనే చెప్పాను. ఆయన తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని. ఆయన కూడా వసారాలోకి పోయి తల్లి పక్కన కూర్చున్నారు. ఆ ఇంట్లో ఏడు వారాలు నేను ఒక్కదాన్నే అనిపించింది. బిడ్డ కడుపులో మొదటిసారి కదిలిన రోజు ఎవరికీ చెప్పలేదు.

పిండికట్టు విప్పారు. కర్రతో నాలుగడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. పోయిన ఆదివారం పొద్దున చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి, "పామర్రు తీసుకెళ్లు," అంది. ఏడు వారాల తరవాత మొదటి మాట.

వెళ్లాం. నాకు ఆరో నెల, ఆవిడకి కుంటికాలు, ఒకర్నొకరు పట్టుకుని బస్సు దిగాం. హోటలు వెనక నేను బుట్ట పెట్టిన చోటికి తీసుకెళ్లాను. బుట్ట లేదు. హోటలాయన బయటికొచ్చి, "పసుపు గండుపిల్లా? ఒక చెవి లేదు, అదేగా? ఉండేదమ్మా. బల్ల మీద ఎవరు కూర్చుంటే వాళ్ల ఒళ్లోకెక్కేది. ఉయ్యూరు పోయే లారీల కింద నీడన పడుకునేది. శ్రావణం దాకా చూశాను. తరవాత చూళ్లేదు," అన్నాడు.

"ఎవరైనా తీసుకెళ్లారా?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. లారీలో ఎక్కి పోయిందో ఏమైందో."

అత్తయ్య బల్ల మీద కూర్చుంది. కర్ర ఒళ్లో పెట్టుకుని, గొంతెత్తి పిలిచింది. సరంగూ... అని. టీ తాగేవాళ్లు గ్లాసులు దించి చూశారు. మళ్లీ పిలిచింది. తరవాత నా వైపు తిరిగింది. నేను నిలబడి పిలిచాను. నడిబజారులో, అంత మంది మగవాళ్ల మధ్య, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, గొంతు పగిలేలా పిలిచాను. వస్తాడేమోనని పిలిచాను హైమా. ప్రతి లారీ కిందా వంగి చూశాను. హోటలు వెనక దడి దగ్గర, మురికి కాలవ పక్కన, బియ్యం కొట్ల అరుగుల మీద. మా గుడివాడ బస్సులు రెండు వెళ్లిపోయాయి. వాడు రాలేదు.

నా గొంతు పోయింది. వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కింద కూర్చున్నాను. ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా తల మీద ఆగింది.

"చాల్లే. ఇవాళ పిలిచావు," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది, గాలి తగులుతుందని. నిమ్మకూరు దాటాక అడిగింది, "నీ స్నేహితురాలి పిల్లి నాలుగు పెట్టిందన్నావు, ఇచ్చేసిందా?"

"ఇంకా ఉండుంటాయి అత్తయ్యా."

"ఒకదాన్ని పంపమని రాయి."

"ఆడదాన్నా, మగదాన్నా?"

"ఏదైనా సరే. ఏది పంపితే అదే పంపానని రాయమను," అంది.

కాబట్టి రాయి హైమా. వచ్చిన రోజే చదివి వినిపిస్తాను.

సరోజిని